చోడి పైరులో మార్కర్ జన్యువు పెట్టాలంటే ఎవరి అనుమతి కావాలి?

జన్యుమార్పిడి పంటల గురించి మన ఉత్తరాంధ్రలో చర్చ వచ్చినప్పుడల్లా అది పురుగును చంపే జన్యువు చుట్టూనో, కలుపు మందును తట్టుకొనే జన్యువు చుట్టూనో, విత్తనాల ప్యాకెట్టు ధర చుట్టూనో తిరుగుతుంది. ఆ పంటను తయారుచేసే తొలి దశలోనే మొక్కలోకి చేరి, పొలంలో రైతుకు ఏ ఉపకారమూ చేయకుండా తరతరాలుగా విత్తనంలో ఉండిపోయే మరొక చిన్న జన్యువు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. దానిని సెలక్టబుల్ మార్కర్ అంటారు. కొన్నేళ్ళు మొక్కల కణజాల ప్రయోగశాలలో పనిచేసి, ఇప్పుడు విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతున్న నాకు, ప్రభుత్వ ప్రయోగశాలలో పుట్టిన మొక్క రైతు చేతికి చేరుతుందా లేదా అన్న విషయంలో ఈ చిన్న జన్యువు మీద ఎవరికి ఏ హక్కు ఉందన్న ప్రశ్నకు మనం అనుకొనేదాని కంటే చాలా పెద్ద పాత్ర ఉందని గట్టిగా అనిపిస్తుంది. పెద్ద కంపెనీలకు ఇది సమస్య కాదు, ఎందుకంటే వాళ్ళ దగ్గర సొంత మార్కర్లూ, సొంత న్యాయవాదులూ, ఒకరికొకరు హక్కులు ఇచ్చిపుచ్చుకొనే ఒప్పందాలూ ఉంటాయి. ఏ కంపెనీ కన్నూ పడని చోళ్ళు (రాగులు), గోగు వంటి మన పంటలకే ఇది అసలు సమస్య.

మొదట ఆ జన్యువు చేసే పని చెబుతాను. అగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియా ద్వారా పంపినా, సన్నని బంగారు రేణువులకు డీఎన్‌ఏ పూసి జన్యు తుపాకితో కొట్టినా, ప్రయోగానికి పెట్టిన వేలాది కణాల్లో చాలా కొద్దివాటిలోకే కొత్త జన్యువు చేరుతుంది. చేరిన కణానికీ చేరని కణానికీ పైకి ఏ తేడా కనిపించదు. అందుకని మనకు కావలసిన జన్యువుకు మరొక జన్యువును జతచేసి పంపి, ఆ రెండో జన్యువు ఉన్న కణాలు మాత్రమే బతకగలిగే మాధ్యమం మీద వాటిని పెంచుతారు. ఉప్పునీటిలో విత్తనం పోసి, తేలిన తాలును తీసేసి, మునిగిన గట్టి గింజలనే నారుమడికి వాడుకోవడం మన రైతులకు తెలిసిన పద్ధతే. ప్రయోగశాలలో ఆ ఉప్పునీటి పనిని కనామైసిన్ వంటి యాంటీబయాటిక్ చేస్తుంది. కనామైసిన్‌ను నిర్వీర్యం చేసే ఎన్‌పీటీ-2 జన్యువును ఈ. కోలై బాక్టీరియాలోని టీఎన్5 అనే భాగం నుంచి తీసుకున్నారు. వరి కణాలు సహజంగానే కనామైసిన్‌ను కొంత తట్టుకుంటాయి కాబట్టి వరిలో హైగ్రోమైసిన్‌ను, దానికి విరుగుడైన హెచ్‌పీటీ జన్యువును వాడతారు. గ్లూఫోసినేట్ అనే కలుపు మందును తట్టుకొనే బార్ జన్యువు మూడోది. ఏ విషమూ లేకుండా, మామూలు మొక్కలు వాడుకోలేని మాన్నోజ్ చక్కెరను ఆహారంగా మార్చుకొనే శక్తినిచ్చే పీఎంఐ జన్యువు మరొక రకం. 2004 నాటికే యాభై దాకా మార్కర్లను శాస్త్రవేత్తలు వివరించినా, ప్రచురితమైన పరిశోధనల్లో అత్యధిక భాగం మొదటి మూడింటి మీదే ఆధారపడింది. వాడేవి మూడే అయినప్పుడు, ఆ మూడింటి మీద హక్కు ఉన్నవారి మాటకు ఎంత బలం ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

కనామైసిన్ మార్కర్‌తో మొక్క కణాలను మార్చగలిగామని 1983లో మూడు బృందాలు దాదాపు ఒకేసారి ప్రకటించాయి. ఒకటి సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, రెండోది బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన బృందం, మూడోది మోన్‌శాంటో కంపెనీ. మూడింటిలో రెండు విశ్వవిద్యాలయాలకు చెందినవే అయినా, మొక్కలో యాంటీబయాటిక్‌ను తట్టుకొనే కృత్రిమ జన్యువుల మీద అమెరికాలో విస్తృతమైన పేటెంటు మోన్‌శాంటోకు దక్కింది. 1983లో దాఖలైన దరఖాస్తుల పరంపరకు అక్కడ 2001లో పేటెంటు మంజూరైంది. 1995 జూన్ 8కి ముందు దాఖలైన దరఖాస్తులకు మంజూరైన రోజు నుంచి 17 ఏళ్ళు లెక్కించే పాత నియమం వర్తించడంతో ఆ హక్కు 2018 దాకా కొనసాగింది. అంటే 1983 నాటి ఒక ఆవిష్కరణకు 35 ఏళ్ళ తరువాత కూడా అమెరికాలో అనుమతి అడగవలసి వచ్చింది. పరిశోధన చేసుకొనేవాళ్ళను ఎవరూ పెద్దగా ఆపలేదన్నది నిజమే. ఆ పరిశోధన నుంచి విత్తనం తయారుచేసి అమ్మాలనుకున్న రోజున మాత్రం ఆ పేటెంటు ఎదురుపడేది.

బార్ జన్యువు కథ మరొక విధమైన పాఠం. దీనిని మొక్కల్లో పనిచేయించిన బెల్జియం సంస్థ ప్లాంట్ జెనెటిక్ సిస్టమ్స్‌ను 1996లో ఆగ్‌ఎవో కొన్నది. ఆగ్‌ఎవో తరువాత అవెంటిస్‌లో కలిసింది. అవెంటిస్ పంటల విభాగాన్ని 2002లో బేయర్ కొన్నది. 2018లో మోన్‌శాంటోను కొనడానికి పోటీ నియంత్రణ సంస్థల అనుమతి కోసం బేయర్ తన గ్లూఫోసినేట్ వ్యాపారాన్ని, దానిని తట్టుకొనే విత్తనాల వ్యాపారాన్ని బీఏఎస్‌ఎఫ్‌కు అమ్మవలసి వచ్చింది. ఒక పరిశోధకుడు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పదవీ విరమణ చేసేలోగా అనుమతి ఇవ్వవలసినవారు ఇన్నిసార్లు మారారు. మొదటి యజమాని ఉత్తరంలో మర్యాదగా రాసిన ఒక వాక్యాన్ని నమ్ముకొని పదేళ్ళు పనిచేసిన ప్రయోగశాలకు, అయిదో యజమాని దగ్గర ఆ వాక్యం ఎంతవరకు చెల్లుతుంది? హక్కులు చేతులు మారినా అనుమతి కొనసాగుతుందన్న షరతు ఒప్పందంలో లేకపోతే చెల్లకపోవచ్చు.

ఈ చిక్కు ఎంత లోతుగా ఉండగలదో ప్రపంచానికి తెలిపింది బంగారు బియ్యం. శాస్త్రవేత్తలు ఇంగో పోట్రికస్, పీటర్ బేయర్ 2000లో విటమిన్-ఏకు మూలమైన బీటా కెరోటిన్ ఉన్న వరిని ప్రకటించినప్పుడు, దాని తయారీలో వాడిన పద్ధతులు, సాధనాల మీద సుమారు 70 పేటెంట్లు ఉన్నాయని, అవి 32 సంస్థల చేతుల్లో ఉన్నాయని అదే ఏడాది జరిగిన ఒక సమీక్షలో తేలింది. వాటిలో చాలావరకు ఎంపిక చేసే మార్కర్లు, జన్యువును నడిపించే ప్రమోటర్లు, మొక్కలోకి పంపే పద్ధతులు వంటి పనిముట్లకు సంబంధించినవే. అదే సమీక్షలోని మరొక విషయాన్ని చాలామంది మరిచిపోతారు. ఆ పేటెంట్లన్నీ అన్ని దేశాల్లోనూ లేవు, బియ్యం ఎక్కువగా తినే పేద దేశాల్లో కొన్నిచోట్ల వాటి సంఖ్య చాలా తక్కువ. చివరకు హక్కుదారులు పేద రైతుల కోసం ఉచిత అనుమతులు ఇచ్చారు. మోన్‌శాంటో తన వంతు అనుమతిని 2000 ఆగస్టులో మన పొరుగున చెన్నైలో జరిగిన సదస్సులోనే ప్రకటించింది. ఏడాదికి 10,000 డాలర్లకు మించి ఆదాయం లేని రైతు ఎటువంటి రుసుమూ లేకుండా ఆ విత్తనం వేసుకోవచ్చు, దాచుకోవచ్చు అన్నది ఆ ఒప్పందాల సారాంశం. మొదటి బంగారు బియ్యంలో హైగ్రోమైసిన్ మార్కర్ ఉండేది. 2005లో సింజెంటా తయారుచేసిన రెండో తరంలో దాని స్థానంలో పీఎంఐ వచ్చింది. యాంటీబయాటిక్ మార్కర్ మీద ఉన్న అభ్యంతరం ఆ మార్పుతో తొలగింది, కాని కొత్త మార్కర్‌కూ ఒక యజమాని ఉన్నాడు. బంగారు బియ్యానికి ప్రపంచమంతటి దృష్టి ఉంది కాబట్టి కంపెనీలు ముందుకొచ్చాయి. చోడి పైరు కోసం చెన్నైలో ఎవరు సదస్సు పెట్టి ప్రకటన చేస్తారు?

ఇక మన దేశపు చట్టం. పేటెంటు ఏ దేశంలో మంజూరైతే ఆ దేశంలోనే చెల్లుతుంది. మన పేటెంట్ల చట్టంలోని 3(జె) సెక్షన్ ప్రకారం మొక్కలకు, వాటి భాగాలకు, విత్తనాలకు, రకాలకు పేటెంటు ఇవ్వరు. 47(3) సెక్షన్ ప్రకారం పేటెంటు ఉన్నదానిని కేవలం ప్రయోగానికి, పరిశోధనకు, విద్యార్థులకు నేర్పడానికి వాడుకోవచ్చు. 48వ సెక్షన్ మాత్రం, పేటెంటు ఉన్న పద్ధతి ద్వారా నేరుగా తయారైన వస్తువు మీద కూడా హక్కుదారుకు అధికారం ఇస్తుంది. ప్రయోగశాలలో నిశ్చింతగా ఉండేవాళ్ళు 47ను చదివి ఆగిపోతారు. విత్తనం విడుదల చేసేవాళ్ళు 48ను కూడా చదవాలి. కృత్రిమంగా తయారుచేసిన జన్యు వరుసకు 3(జె) వర్తిస్తుందా లేదా అన్న ప్రశ్న మోన్‌శాంటో, నూజివీడు సీడ్స్ వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2018 ఏప్రిల్‌లో హైకోర్టు డివిజన్ బెంచి, పురుగును తట్టుకొనే బీటీ పత్తి జన్యువు మీద మోన్‌శాంటోకు ఉన్న పేటెంటును కొట్టివేసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి విచారణ పూర్తిగా జరగాలని వెనక్కు పంపింది. 2021లో రెండు పక్షాలూ రాజీపడ్డాయి. కాబట్టి మార్కర్ జన్యువు మీద కూడా ఆ ప్రశ్నకు తుది జవాబు ఇంకా రాలేదు.

పేటెంటు లేకపోతే అనుమతి అక్కరలేదనుకోవడం కూడా పొరపాటే. దానికి ఆంధ్రప్రదేశ్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2002లో వచ్చిన మొదటి తరం బీటీ పత్తి జన్యువుకు మన దేశంలో పేటెంటు లేదు. అయినా 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 నుంచి 1,850 రూపాయల దాకా అమ్ముడైన రోజుల్లో అందులో వెయ్యి రూపాయలకు పైగా ఆ జన్యువు పేరిట కంపెనీకే వెళ్ళింది. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యవహారాల కమిషన్‌కు వెళ్ళి, ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు తెచ్చింది. 2007లో పత్తి విత్తనాల ధరల మీద రాష్ట్ర చట్టమే వచ్చింది. తరువాత 2016 నుంచి కేంద్రం ధరలు నిర్ణయిస్తూ, జన్యువు పేరిట వసూలయ్యే రుసుమును 49 రూపాయలకు, ఆపై 39కి, 20కి తగ్గించి, 2020లో పూర్తిగా తీసివేసింది. పేటెంటు లేనప్పుడు ఆ రుసుము ఏ బలంతో వసూలైంది? మూల విత్తనం కంపెనీ చేతుల్లో ఉంది, దానిని ఇచ్చేటప్పుడు రాయించుకున్న ఒప్పందం ఉంది, జీవభద్రత పరీక్షల సమాచారం మొత్తం వాళ్ళ దగ్గర ఉంది. మార్కర్ విషయంలోనూ ఈ మూడూ వర్తిస్తాయి. పేటెంటు గడువు తీరినా డీఎన్‌ఏ పదార్థం ఏ షరతులతో చేతికి వచ్చిందన్నది మిగులుతుంది. దాని భద్రత మీద ఎవరు చేసిన పరీక్షలను మన దరఖాస్తులో చూపగలమన్నదీ మిగులుతుంది. ఎన్‌పీటీ-2కు ఈ చివరి విషయంలో పెద్ద సౌలభ్యం ఉంది. 1994లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఫ్లేవర్ సేవర్ టమాటాతో పాటు దానిని పరిశీలించి అంగీకరించింది. 2004లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ దానిని అభ్యంతరం లేని మొదటి వర్గంలో పెట్టింది. ఆ సమాచారం బహిరంగంగానే ఉంది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మన రాష్ట్రపు పొలాల్లో పెరిగే రెండో తరం బీటీ పత్తిలో ఎన్‌పీటీ-2 మార్కర్‌తో పాటు, మొక్క కణంలో నీలిరంగు తెప్పించి జన్యువు చేరిన సంగతి చెప్పే గస్ జన్యువు కూడా ఉంది. పత్తి వేసే రామభద్రపురం, సాలూరు ప్రాంతాల రైతుల్లో ఎంతమందికి ఆ విషయం తెలుసు?

ఇప్పుడు మన పంటల దగ్గరకు వస్తాను. విజయనగరం వ్యవసాయ పరిశోధనా కేంద్రం చిరుధాన్యాల మీద, ముఖ్యంగా చోళ్ళ మీద, దశాబ్దాలుగా పనిచేస్తోంది. చంపావతి, భారతి, శ్రీచైతన్య, వేగవతి వంటి రకాలు అక్కడివే. ఆమదాలవలస కేంద్రం గోగునార పంట మీద పనిచేస్తుంది. శ్రీకాకుళం పక్కన రాగోలు కేంద్రం శ్రీకాకుళం సన్నాలు అనే వరి రకాన్ని ఇచ్చింది. ఇవన్నీ మామూలు సంకరణం, ఎంపిక పద్ధతుల్లో వచ్చిన రకాలు, కాబట్టి వాటిలో మార్కర్ జన్యువు ప్రశ్నే లేదు. సంకరణంతో సాధ్యమయ్యే పనికి జన్యుమార్పిడి అక్కరలేదన్నది నా స్థిరమైన అభిప్రాయం. కాని చోడి పైరును పీడించే అగ్గి తెగులు విషయంలోనో, గోగునారలో పీచు నాణ్యత విషయంలోనో ఏదో ఒక రోజు పంట సొంత జన్యువుల్లో దొరకని గుణం అవసరం కావచ్చు. ఆ రోజున ఏ కంపెనీ ముందుకు రాదు. చోడి రైతు ఏటా విత్తనం కొనడు. తన గింజలనే దాచుకుంటాడు, పక్కవాడికి ఇస్తాడు. అక్కడ ఏటేటా రుసుము వసూలు చేసే వ్యాపారం నడవదు. కాబట్టి ఆ పని ప్రభుత్వ ప్రయోగశాలే చేయాలి, చేసిన దానిని పొలానికి తీసుకుపోయే హక్కూ దానికే ఉండాలి. చోడిలో జన్యుమార్పిడి అసాధ్యమేమీ కాదు. చెన్నై లయోలా కళాశాల పరిశోధకులు 2011లోనే అగ్రోబాక్టీరియం ద్వారా చోడి మొక్కను మార్చి చూపారు. వాళ్ళు వాడినది హైగ్రోమైసిన్ మార్కర్ ఉన్న పీకాంబియా 1301 అనే వెక్టరు, అంటే జన్యువులను మొక్కలోకి మోసుకుపోయే డీఎన్‌ఏ వాహకం. ఆ వెక్టరును తయారుచేసిన కాంబియా ఆస్ట్రేలియాలోని లాభాపేక్ష లేని సంస్థ, గస్ జన్యువును 1987లో మొక్కల్లో వాడి చూపిన రిచర్డ్ జెఫర్సన్ దానిని స్థాపించారు. పరిశోధనకు అది సులభంగానే దొరుకుతుంది. కాని ఇటువంటి ఒప్పందాల్లో సాధారణంగా, వెక్టరులోని భాగాల మీద ఇతరులకు హక్కులుంటే వాటిని చూసుకోవలసిన బాధ్యత వాడుకొనేవారిదేనని రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని చివరిదాకా చదివేవాళ్ళు అరుదు.

నా విద్యార్థుల్లో ఒకరి తండ్రి గజపతినగరం వైపు చోళ్ళు, గంటెలు పండిస్తారు. జన్యుమార్పిడి విత్తనాల గురించి నేను ఆయనకు వివరిస్తుంటే చివరిదాకా ఓపికగా విని, "మాస్టారూ, అదంతా మీకు తెలుస్తాది గాని, ఒక్కేడు కొన్నాక మల్లీ దాసుకొని ఏసుకోవచ్చా లేదా, అది సెప్పండి" అన్నారు. లైసెన్సు ఒప్పందానికి పెట్టవలసిన మొదటి పరీక్ష అదే. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టంలోని 39వ సెక్షన్, బ్రాండు పేరుతో అమ్మనంతవరకు, రక్షిత రకమైనా సరే విత్తనాన్ని దాచుకొనే, వేసుకొనే, మార్చుకొనే, అమ్ముకొనే హక్కును రైతుకు ఇచ్చింది. మార్కర్ కోసం రాసుకొనే ఒప్పందంలో ఒక్క మాట కూడా ఈ హక్కును తగ్గించకూడదు.

అటువంటి ఒప్పందం సాధ్యమేనని బంగ్లాదేశ్ చూపింది. బీటీ వంకాయలోని జన్యువును, అందులోని ఎన్‌పీటీ-2 మార్కర్‌తో సహా, మన దేశపు మహికో కంపెనీ అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా సంస్థకు రుసుము లేకుండా ఇచ్చింది. 2013 అక్టోబరులో అక్కడ అనుమతి వచ్చింది. ఆ రకాలు హైబ్రిడ్లు కావు కాబట్టి రైతులు విత్తనం దాచుకోగలరు. మన దేశంలో 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బీటీ వంకాయను నిలిపివేశారు. ఆ నిర్ణయంలోని మంచిచెడ్డలు వేరే చర్చ. ప్రభుత్వ సంస్థ కోసం, రైతు దాచుకొనే విత్తనం కోసం రాసిన అనుమతి పత్రం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆ ఒప్పందం పనికివస్తుందన్నంతవరకే నా మాట.

ఇక మన ప్రయోగశాలల అలవాటు. నేను పనిచేసిన ఒక సంస్థలో మార్కర్ ఉన్న ప్లాస్మిడ్లు (జన్యువులను మోసే చిన్న డీఎన్‌ఏ వలయాలు) చాలావరకు వడపోత కాగితం మీద చుక్కగా వేసి, సాధారణ కవరులో వచ్చేవి. పంపినవారు స్నేహితులు, వారికి ఇచ్చినవారు వారి గురువులు. మొదట ఎవరు, ఏ షరతు మీద ఇచ్చారో చెప్పే కాగితం ఏదీ ఉండేది కాదు. విజ్ఞానాన్ని పంచుకోవడంలో ఉన్న ఆ ఉదారత నాకు ఇప్పటికీ ప్రియమైనదే. కాని పదేళ్ళ తరువాత ఆ మొక్క విడుదలకు సిద్ధమైతే, మార్కర్ ఎక్కడిదని అడిగినప్పుడు జవాబు చెప్పగలవారు అప్పటికి ఉద్యోగంలో ఉండరు. ఆనవాళ్ళు రాసి ఉంచకపోతే ఏమవుతుందో బికనేరి నర్మా బీటీ పత్తి విషయంలో దేశం చూసింది. ప్రభుత్వ రంగంలో తయారైన తొలి బీటీ పత్తిగా, రైతు విత్తనం దాచుకోగల రకంగా అది 2009లో పొలాలకు వచ్చి, కొద్ది కాలానికే ఆగిపోయింది. దానిలో మోన్‌శాంటోకు చెందిన మాన్ 531 ఈవెంటు, అంటే ఆ కంపెనీ పత్తిలో చేర్చిన జన్యు భాగమే, ఉన్నట్లు తరువాత వేసిన సొపొరి కమిటీ 2012లో తేల్చింది. దేశంలోని చిన్న రైతులకు ఎంతో ఉపయోగపడవలసిన ప్రయత్నం అలా ముగిసినందుకు నాకు ఈనాటికీ బాధే.

మార్కర్ ఎంపిక న్యాయపరమైన చిక్కుల కంటే పెద్ద చిక్కును కూడా తేగలదని ఆవ పంట తేల్చిచెప్పింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం తయారుచేసిన డీఎంహెచ్-11 ఆవలో బార్ జన్యువు ఉంది. మార్పిడి జరిగిన కణాలను ఎంచడానికి, హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో అవసరమైన మొక్కలను నిలుపుకోవడానికి దానిని వాడామని వారు చెబుతారు. కాని అదే జన్యువు వల్ల మొక్క కలుపు మందును తట్టుకొంటుంది కాబట్టి ఇది కలుపు మందు పంటేనని వ్యతిరేకించేవారి వాదన. సుప్రీంకోర్టు నియమించిన సాంకేతిక నిపుణుల కమిటీలో ఎక్కువమంది కలుపు మందు పంటలు మన దేశానికి వద్దని 2013లో అన్నారు. 2022 అక్టోబరులో అనుమతి సిఫారసు వచ్చినా, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు ఇచ్చారు. కూలీలు చేతితో కలుపు తీసి బతికే మన జిల్లాల్లో చోడి పైరులో బార్ మార్కర్ పెట్టడాన్ని నేను ఎన్నడూ సమర్థించను. అది ఉచితంగా దొరికినా సమర్థించను.

మార్కర్‌ను చివరకు తీసివేయవచ్చు కదా అని అడగవచ్చు. కావలసిన జన్యువునూ మార్కర్‌నూ విడివిడిగా పంపి, తరువాతి తరంలో మార్కర్ లేని మొక్కలను ఏరుకోవడం ఒక దారి. క్రీ-లాక్స్ వంటి ఎంజైము పద్ధతితో దానిని కత్తిరించి తీయడం మరొకటి. తినే పంటలో ఇదే మంచి దారి, అది రైతుకూ తినేవారికీ చెప్పడానికి కూడా సులభం. కాని క్రీ-లాక్స్ మీద కూడా డ్యూపాంట్‌కు పేటెంట్లు ఉండేవి. తయారీలో వాడిన పద్ధతి మీద పేటెంటు చెల్లుతూ ఉంటే, విత్తనంలో మార్కర్ లేకపోయినంత మాత్రాన 48వ సెక్షన్ వదిలిపెట్టదు.

నాకు కావలసినదేమిటంటే, మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పరిశోధనా కేంద్రాలు కలిసి ఒక ఉమ్మడి మార్కర్ల నిధిని ఏర్పరచుకోవాలి. గడువు తీరిన ఎన్‌పీటీ-2, దానికి గడువు తీరిన ప్రమోటరు, మూలం తెలిసిన వెక్టరు, బహిరంగంగా దొరికే భద్రతా సమాచారం, ఇవన్నీ ఒకేచోట, రాతపూర్వకమైన ఒప్పందంతో, ఏ కేంద్రమైనా అడిగితే ఇచ్చే విధంగా ఉండాలి. 35ఎస్ ప్రమోటరు మీద అమెరికా పేటెంటు కూడా 2011లోనే ముగిసింది కాబట్టి ఇప్పుడు దీనికి అడ్డు చెప్పడానికి పెద్దగా కారణం కనిపించదు. అమెరికాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు డేవిస్ కేంద్రంగా పిప్రా అనే సంస్థను పెట్టుకొన్నది ఇటువంటి పనికే. సాధనాలను అందరికీ ఇచ్చి, వాటిని మెరుగుపరచినవారు ఆ మెరుగుదలను తోటివారితో పంచుకోవాలన్న షరతుతో కాంబియా 2005 ప్రాంతంలో మొదలుపెట్టిన బయాస్ ఒప్పందమూ ఆ దారిలోదే. పిప్రా పద్ధతిలో ప్రతి సంస్థా తన హక్కులను తనవద్దే ఉంచుకొని పేద దేశాల కోసం వినియోగాన్ని మాత్రం వదులుతుంది. కాంబియా పద్ధతిలో పంచుకోవడమే షరతు. మనకు రెండోది నప్పుతుందని నా నమ్మకం, ఎందుకంటే విజయనగరంలో మెరుగైన చోడి పద్ధతి పొరుగునున్న కోరాపుట్ చోడి రైతుకు కూడా మళ్ళీ అనుమతి అడగకుండా చేరాలి.

ఇప్పటి అవసరం మరీ దగ్గరలో ఉంది. 2025 మేలో భారత వ్యవసాయ పరిశోధనా మండలి జన్యుసవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించింది. సాంబ మసూరి నుంచి హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థ తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100 ఒకటి. రెండోది మన రైతులకు కాటన్‌దొర సన్నాలుగా తెలిసిన ఎంటీయూ 1010 నుంచి ఢిల్లీలో తయారైన పూసా డీఎస్‌టీ రైస్ 1. ఉప్పు నేలలను, నీటి ఎద్దడిని తట్టుకుంటుందని చెబుతున్న ఆ రెండో రకం మన తీర మండలాలకు ముఖ్యమైనది. సవరణ పనిముట్టును వరి కణంలోకి పంపినప్పుడు మార్కర్ సాయం తీసుకొని, తరువాతి తరాల్లో పరాయి జన్యువులన్నీ తొలగిన మొక్కలను ఏరుకోవడం ఈ పద్ధతిలో భాగం. 2022 మార్చి నాటి కేంద్ర ఉత్తర్వు అటువంటి మొక్కలను జన్యుమార్పిడి నియమాల్లో కొన్నిటి నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు జీవభద్రతకు సంబంధించినది. క్రిస్పర్ అనే జన్యుసవరణ పనిముట్టు మీద అమెరికా, ఐరోపా సంస్థలకున్న పేటెంట్లను అది తాకదు. ఆ విత్తనం శ్రీకాకుళం రైతు సేవా కేంద్రానికి రాకముందే తెలుసుకోవలసిన సంగతులను సమాచార హక్కు చట్టం కింద అడుగుతూ ఒక దరఖాస్తు రాస్తున్నాను. ఏ పనిముట్టుకు, ఏ మార్కర్‌కు ఎవరి నుంచి వాణిజ్య అనుమతి తీసుకున్నారు, ఆ అనుమతిని రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థకూ రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ బదలాయించవచ్చా, హక్కుదారు మారితే అది నిలుస్తుందా, 39వ సెక్షన్ ప్రకారం రైతు దాచుకొనే విత్తనానికి అందులో ఏమని రాశారు అన్నవి నా ప్రశ్నలు. జవాబు వచ్చినప్పుడు దానిని యథాతథంగా ఇక్కడ ప్రచురిస్తాను. ఇదే దరఖాస్తును తమ పేరుతో పంపదలచినవారు అడిగితే దాని నకలు ఇస్తాను.